అట్ట వెనక ‘బాహో’ అని రాస్తే సరిపోదు

పోయిన ఆగస్టులో న్యూజెర్సీలోని పెర్త్ అంబాయ్‌లో ఒకళ్ల పెరట్లో పార్టీకి వెళ్లాం. మా ఆవిడ ఆఫీసులో పనిచేసే ప్యూర్టోరికో ఆవిడ పిలిచింది, మా ఎడిసన్ నుంచి కారులో అరగంట లోపే. పెరడంతా బొగ్గుల మీద కాలుతున్న మాంసం వాసన, పిల్లల గోల, ఒక మూల నా నడుమెత్తు స్పీకరు, అందులోంచి 1970ల నాటి సల్సా, అంటే ప్యూర్టోరికో, క్యూబావాళ్ల డాన్సు సంగీతం. పేపర్ ప్లేట్లో అన్నం, బీన్స్ పెట్టుకుని ఆ స్పీకర్ పక్కన నిలబడ్డవాణ్ణి మరి కదల్లేదు. పాట అడుగున, మంద్రస్థాయిలో, ఏదో మోగుతోంది. బేస్ అని తెలుస్తోంది, ఏ బేసో మాత్రం తెలియట్లేదు.

ఉగాదికీ సంక్రాంతికీ ఇక్కడ మా తెలుగువాళ్ల స్టేజి మీద పాటలకి బేస్ గిటార్ వాయించేది నేనే (ఇంకెవరూ ముందుకు రారు కాబట్టి). అందుకని చెవికి కొంత అలవాటుంది. బేస్ గిటార్‌కి మెట్లుంటాయి, వేలు పడగానే సన్నటి లోహపు గీర వినిపిస్తుంది. నిలబడి వాయించే పెద్ద చెక్క బేస్‌లో, అంటే డబుల్ బేస్‌లో, చెక్క మోగిన చప్పుడు, ఆ గది చప్పుడు కూడా కలిసి వస్తాయి. ఇందులో రెండూ లేవు. ‘థుమ్’ అని ఒక్క తన్ను తన్ని వెంటనే మెత్తగా జారుకుంటోంది. మృదంగం ఎడమవైపు అరచేత్తో ఒత్తి లాగితే వచ్చే గుంకారం ఉంటుంది చూశారా, దానికి స్వరం ఉంటే ఎలా ఉంటుందో అలా.

ఆ ఇంటి పెద్దాయన, ఆవిడ మేనమామ, కుర్చీలో కూర్చుని నన్నే చూస్తున్నాడు. అదేం వాయిద్యం అని అడిగాను. "అదా? బేబీ," అన్నాడు, అదేదో అందరికీ తెలిసిన సంగతన్నట్టు.

ఆ రాత్రి ఒక నిమిషం ముక్క కోసి విజయవాడలో ఉన్న మా పెదనాన్నకి వాట్సాప్‌లో పంపాను. ఆయన ఒకప్పుడు పెళ్లిళ్లకి, వినాయక చవితి పందిళ్లకి వాయించే సినిమా పాటల ఆర్కెస్ట్రాలో తుంబా, బాంగోస్ వాయించేవాడు. తెల్లారేసరికి ఫోన్.

"ఒరేయ్, ఆ కిందున్నది డోలక్కా, ఏంట్రా?"

"కాదు పెదనాన్నా, బేస్."

"బేస్ ఏంట్రా, అలా కొడుతోంది!"

ఈ బేస్ స్వరం కంటే ముందు దెబ్బలా వినపడుతుందన్న నా వాదనకి ఇదే మొదటి సాక్ష్యం అనుకోండి. నలభయ్యేళ్లు తాళవాద్యాలతో బతికిన మనిషి కూడా దాన్ని తాళవాద్యం అనుకున్నాడు. ఇంకో తమాషా ఏంటంటే, మనవాళ్లు ‘తుంబా’ అనేది క్యూబావాళ్ల తుంబదోరానే, కాంగా డ్రమ్ముకి అక్కడి పేరు. సల్సాలో బేస్ వాయించే వరసని ‘తుంబావో’ అంటారు. మా పెదనాన్న జీవితమంతా ఆ భాషలోని మాట ఒకటి నోట్లో పెట్టుకునే తిరిగాడన్నమాట, ఆయనకీ తెలీదు, నాకూ తెలీదు.

సరే, ‘బేబీ’ అంటే ఆంపెగ్ బేబీ బేస్. వెతకడం మొదలుపెట్టాక తెలిసిన మొదటి సంగతికే నాకు నవ్వొచ్చింది. ఆ కంపెనీ ఫ్యాక్టరీ ఉండింది లిండెన్‌లో. మెట్రోపార్క్‌లో న్యూయార్క్ రైలెక్కితే రావే అనే స్టేషన్, ఆ తర్వాత లిండెన్. టర్న్‌పైక్ మీద వెళ్తుంటే ఆయిల్ రిఫైనరీ గొట్టాలు, పొగ కనిపిస్తాయే, ఆ ఊరే. ఎడిసన్‌లో ఉండే తెలుగువాళ్లలో ఆ వాసనకి కారు అద్దాలు ఎక్కించని వాళ్లుండరు. పన్నెండేళ్లుగా దాని పక్క నుంచే ఉద్యోగానికి పోతున్నాను, అక్కడ ఇలాంటిదొకటి తయారయిందని నాతో ఎవరూ అనలేదు.

కథ కొంచెం వెనక నుంచి చెప్పాలి. ఎవరెట్ హల్ అని ఒకాయన, పియానో, బేస్ వాయించేవాడు. బ్యాండ్లలో డబుల్ బేస్ ఎవరికీ వినపడదు, అదీ ఆయన బాధ. బేస్ నేల మీద ఆనేందుకు అడుగున ఒక మేకు ఉంటుంది కదా, పెగ్ అంటారు, ఆ పెగ్‌లోంచి మైకుని బేస్ పొట్టలోకి దూర్చాడు. యాంప్లిఫైడ్ పెగ్, పొట్టిగా ఆంపెగ్. 1940ల చివర్లో మొదలైన కంపెనీ పేరు అలా వచ్చింది. తర్వాత జెస్ ఆలివర్ అనే ఇంజనీరు వచ్చి చేరాడు, 1960లో వాళ్ల బీ-15 యాంప్లిఫయర్ చేసింది ఆయనే. మోటౌన్ అనే రికార్డు కంపెనీ పాటల వెనక బేస్ వాయించిన జేమ్స్ జేమర్సన్ వాడింది ఆ డబ్బానే. అది చాలామందికి తెలుసు.

బేబీని మాత్రం ఆంపెగ్ సొంతంగా పుట్టించలేదు. దోప్యేరా అన్నదమ్ములని స్లొవేకియా నుంచి వచ్చిన కుటుంబం, గిటార్ పొట్టలో లోహపు గిన్నె పెట్టి మోగించే డోబ్రో వాళ్లదే. వాళ్లలో ఇద్దరు ‘జోర్కో’ అనే ప్లాస్టిక్ బేస్ ఒకటి చేశారు. ఒళ్లు చెల్లో అంత, మెడ మాత్రం డబుల్ బేస్‌దంత. 1962లో ఆంపెగ్ దాని హక్కులు కొనుక్కుంది, జెస్ ఆలివర్ లోపలి పికప్ (అదురుని కరెంటుగా మార్చే భాగం) మార్చి కొత్తగా చేశాడు, పేరు బేబీ బేస్ అని పెట్టారు. 1970 ప్రాంతం దాకా తయారైంది. అంతే, ఎనిమిదేళ్లు, మహా అయితే తొమ్మిది.

ఆ పికప్ గురించి రెండు ముక్కలు చెప్పకపోతే మిగతాది అర్థం కాదు. మామూలు ఎలక్ట్రిక్ గిటార్‌లో తీగల కింద అయస్కాంతాలుంటాయి, ఉక్కు తీగ కదిలితే వాటికి తెలుస్తుంది. బేబీలో అయస్కాంతం తీగని చూడనే చూడదు. తీగ తను ఆనే దిమ్మని, అంటే బ్రిడ్జ్‌ని, తొక్కుతుంది, బ్రిడ్జ్ కింద ఉన్న లోహపు పలకని నొక్కుతుంది, ఆ పలక అదిరితే దాని కిందున్న అయస్కాంతానికి, తీగచుట్టకి తెలుస్తుంది. అందుకే పేగు తీగలు కట్టినా పలుకుతుంది. అందుకే వేలి గీర కాదు, బ్రిడ్జ్ మీద పడిన దెబ్బ ముందు వినపడుతుంది. ఒళ్లంతా రెండు ప్లాస్టిక్ డిప్పలు కలిపి అతికించిందే, అది పాడేదేమీ లేదు. చెక్క బేస్‌లో పాడేది చెక్క, ఇందులో పాడేది ఆ పలక.

హల్ దీన్ని జాజ్ వాళ్ల కోసం చేశాడు. ఆయనకి రాక్ అండ్ రోల్ అంటే గిట్టదు, శుభ్రంగా, డబుల్ బేస్‌లా వినపడాలి, మోయడానికి తేలిగ్గా ఉండాలి, అదీ ఆశ. జాజ్ బేసిస్టులు పెద్దగా పట్టించుకోలేదు. ఎందుకు పట్టించుకుంటారు, అది డబుల్ బేస్‌లా వినపడదుగా! 1967లో కంపెనీ చేతులు మారింది, ఇంకొన్నేళ్లకి బేబీ తయారీ ఆగిపోయింది. అమెరికా గిటార్ పుస్తకాల్లో దీని కథ ఇక్కడితో ముగుస్తుంది: ఫెయిలైన వింత వస్తువు, అరుదు, కొనుక్కునేవాళ్లకి మోజు. నాకు ఒళ్లు మండేది ఇక్కడే.

ఎందుకంటే న్యూయార్క్‌లో ఇంకో సంగీతం ఉంది, దాన్ని రాసేవాళ్లు ఈ పుస్తకాలు రాయరు. ప్యూర్టోరికో వాళ్లు, క్యూబా వాళ్లు వాయించే డాన్సు బ్యాండ్లలో కాంగాలు, టింబాలెస్ డ్రమ్ములు, గంట, నాలుగైదు బాకాలు ఒకేసారి మోగుతాయి. ఆ గోలలో చెక్క బేస్‌కి మైకు పెడితే కీచుమంటుంది, పెట్టకపోతే లేనట్టే. బేస్ గిటార్ వినపడుతుంది, కానీ దాని మోత సాగుతుంది. తుంబావోకి సాగే మోత పనికిరాదు. ఒకటి, రెండు, మూడు, నాలుగు అని లెక్కపెట్టండి. బేస్ ‘ఒకటి’ మీద పలకదు. రెండుకీ మూడుకీ మధ్య ఒక దెబ్బ, నాలుగు మీద ఒక దెబ్బ. ఆ నాలుగు మీద వేసే స్వరం నిజానికి రాబోయే లెక్కది, ముందే వచ్చి కూర్చుంటుంది. మన కచేరీల్లో అతీత ఎత్తుగడ అంటాం, తాళం మొదలవ్వకముందే పాట ఎత్తుకోవడం, ఇక్కడ బేస్ పాట పొడుగునా ఆ పనే చేస్తుంది. డాన్సు చేసేవాడి కాలు ‘ఒకటి’ని తనంతట తనే వెతుక్కోవాలి. అందుకే ఆ దెబ్బ గట్టిగా, గుండ్రంగా పడి, కాంగాలకి అడ్డు రాకుండా పక్కకి తప్పుకోవాలి. బేబీ స్వభావమే అది. జాజ్ వాళ్లకి ఏది లోపమో వీళ్లకి అదే కావాల్సొచ్చింది. పికప్ దెబ్బని ఎక్కువ పట్టుకుంటుంది, తోకని తక్కువ పట్టుకుంటుంది. ఫెయిలైంది ఎక్కడ?

మనకిదేం కొత్త కాదు. పాలకొల్లు కుర్రాడు శ్రీనివాస్ ఎలక్ట్రిక్ మాండలిన్ పట్టుకుని కర్ణాటక కచేరీకి కూర్చున్నప్పుడు, జంట తీగలు తీసేసి అయిదు తీగలు పెట్టుకున్నప్పుడు, ఇదేం వాయిద్యం అన్నవాళ్లున్నారు. తర్వాత ఆ నోళ్లు ఏమయ్యాయో అందరికీ తెలుసు. ఆయనకి కనీసం పేరు ముందు వాయిద్యం పేరు నిలబడింది. బేబీ వాయించినవాళ్లకి అదీ దక్కలేదు.

అసలు తలనొప్పి అప్పుడు మొదలైంది. బేబీ బేస్ ఉన్న రికార్డులు వినాలి, వాయించినవాళ్ల పేర్లు కావాలి అని కూర్చున్నాను. ప్రిన్స్‌టన్‌లో పాత రికార్డుల దుకాణంలో లాటిన్ డబ్బాలు తిరగేశాను. డిస్కాగ్స్ అనే రికార్డుల వెబ్‌సైట్లో రాత్రిళ్లు గడిపాను. ఎల్పీ అట్ట వెనక్కి తిప్పితే పాడినవాడి పేరు పెద్దక్షరాల్లో, పియానో, బాకాలు, కాంగా, చివర్లో ‘బాహో’ అని రాసి ఒక పేరు. స్పానిష్‌లో బాహో అంటే బేస్. ఏ బేస్ అని రాయరు. చెక్కది, గిటార్‌ది, ప్లాస్టిక్‌ది, అన్నీ బాహోలే. కొన్నిటి మీద అదీ ఉండదు. పేరుతో వెతికితే బేబీ బేస్ రికార్డులు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని దొరుకుతాయి. చెవితో వెతికితే నా అంచనాలో ఏ పాత సల్సా డబ్బాలో చెయ్యి పెట్టినా తగులుతుంది. మరి అరుదయింది వాయిద్యమా, దాని పేరు రాసే అలవాటా?

ఈ మాట అనే హక్కు మనకి బాగా ఉంది. మన సినిమా రికార్డుల మీద పాడినవాళ్లు, సంగీత దర్శకుడు, పాట రాసినాయన ఉంటారు. ఆ వేణువు ఎవరిది, ఆ సితార్ ఎవరిది, ఆ వయొలిన్ల వరసలో కూర్చుంది ఎవరు అంటే చాలావరకు సమాధానం ఉండదు. మద్రాసు స్టూడియోల్లో వాయించి వాయించి రిటైరైనవాళ్లు తాము వాయించిన పాట రేడియోలో వస్తే ఇంట్లోవాళ్లకి చెప్పుకోవడం తప్ప రుజువు లేదు. మా పెదనాన్న ఆర్కెస్ట్రా ఒకసారి దేవుడి పాటల క్యాసెట్ చేసింది. అట్ట మీద దేవుడి బొమ్మ, పాడినాయన బొమ్మ. తుంబా ఎవరు వాయించారో ఆ అట్టని అడిగితే చెప్పదు.

పేరు లేనప్పుడు ఏం చేస్తాం, డిటెక్టివ్ పనే. మొదట ఏడాది చూడాలి. ఆంపెగ్ బేబీ 1962లో వచ్చింది కాబట్టి అంతకుముందు రికార్డయింది అది కానేకాదు. ఇది చిన్నపిల్లలకి కూడా తెలిసే లెక్కే అయినా, హవానాలో 1957లో కచావో అనే క్యూబా బేసిస్టు చేసిన దెస్కార్గా (అప్పటికప్పుడు అల్లి వాయించేవి) రికార్డుల్లో బేబీ ఉందని నాతో పందెం కాసినవాళ్లున్నారు. న్యూయార్క్ బ్యాండ్ లీడర్ టీటో ప్వెంటే ‘డాన్స్ మేనియా’ 1958ది, అందులో బాబీ రోడ్రిగెస్ బేస్ ఎంత గుండ్రంగా మోగినా అది ఆంపెగ్ బేబీ అయ్యే వీల్లేదు. రెండోది ఫొటోలు. బేబీ తలకాయ వయొలిన్‌కిలా చుట్ట చుట్టుకుని ఉంటుంది, ఒళ్లు సన్నం, రంగు నిగనిగ, ముందువైపు వాల్యూమ్, టోన్ నాబ్‌లు. ఫొటోలో ఇది కనపడగానే ఎగిరి గంతేస్తాం. వెయ్యకూడదు. ఫొటో తీసింది స్టేజి మీద, పాట రికార్డయింది స్టూడియోలో, అక్కడ వేరేది వాయించి ఉండొచ్చు. పాత టీవీ వీడియోలు మరీ మోసం, వెనక రికార్డు వేసి ముందు వాయిస్తున్నట్టు నటిస్తారు, చేతిలో బేబీ ఉంటుంది, మోగేది ఇంకేదో ఉంటుంది.

మూడోది చెవి. చెవికి శిక్షణ ఇవ్వడానికి నాకు తెలిసిన మంచి దారి ఒకే మనిషిని రెండు చోట్ల వినడం. ఆండీ గొన్సాలెస్‌ని వినండి. న్యూయార్క్‌లోని బ్రాంక్స్‌లో పెరిగిన బేసిస్టు, 1951లో పుట్టి 2020లో పోయాడు, రే బారెత్తోతో, ఎడ్డీ పాల్మియేరితో వాయించాడు, 1974లో మాని ఒకెండోతో కలిసి కొంహుంతో లిబ్రే పెట్టాడు. బేబీ అంటే న్యూయార్క్ సల్సావాళ్లు ముందు చెప్పే పేర్లలో ఆయనది ఒకటి. 1976లో వచ్చిన లిబ్రే మొదటి ఆల్బమ్ ‘కాన్ సల్సా కాన్ రిత్మో’ ఒకపక్క పెట్టుకోండి. అన్న జెర్రీతో కలిసి నడిపిన ఫోర్ట్ అపాచీ బ్యాండ్ 1989లో తెచ్చిన ‘రుంబా పారా మాంక్’ ఇంకోపక్క. అక్కడ జాజ్, చెక్క బేస్, వేలు తీగని వదిలాక కూడా స్వరం గదిలో తిరుగుతుంది. ఆ మనిషివే చేతులు, ఆ మనిషిదే కాలమానం, వాయిద్యం మారితే మాట్లాడే తీరు ఎలా మారిందో నాలుగు రోజులు వింటే తెలిసిపోతుంది. నాలుగు రోజులని ఊరికే అనట్లేదు, నాకు రెండు వారాలు పట్టింది.

కంటికి కనపడాలంటే ఆస్కార్ డి లియోన్. వెనెజువెలాలోని కరాకస్‌లో పుట్టాడు, కారు తోలుకుంటూ బతికాడు, 1972లో దిమెన్సియోన్ లాటినా అనే బ్యాండు పెట్టినవాళ్లలో ఒకడు, 1975లో ‘యోరారాస్’ పాటతో లాటిన్ అమెరికా అంతా ఊగిపోయింది. ఆయన స్టేజి మీద పాడుతూ, బేస్ వాయిస్తూ, ఆ బేస్‌తోనే డాన్సు చేస్తాడు, దాన్ని తిప్పుతాడు, ఒరగదీస్తాడు. తెల్లటి సన్నటి బేబీ. డబుల్ బేస్‌తో ఆ పని చేస్తే నడుం పడుతుంది. ఆ వీడియోలు చూసినవాళ్లు కోట్లలో ఉంటారు, వాళ్లలో ఎంతమందికి ఆ తెల్లదాని పేరు తెలుసో.

బ్రాంక్స్‌లో కాసా అమదేయో అని ఒక లాటిన్ రికార్డుల దుకాణం ఉంది, 1941 నుంచి అదే చోట, అమెరికా ప్రభుత్వ చారిత్రక కట్టడాల జాబితాలో కూడా ఎక్కింది. ఒక శనివారం వెళ్లాను. అక్కడ కొన్న ఎల్పీలు, ప్రిన్స్‌టన్‌లో ఏరినవి కలిపితే మా ఇంట్లో బేస్‌మెంట్ మెట్ల కింద జాగా అయిపోయింది. మా ఆవిడ ఇప్పటికి రెండుసార్లే అంది. మూడోసారికి ఇంకా టైముంది.

ఎవరైనా అడగొచ్చు, నిలబెట్టి వాయించే ఎలక్ట్రిక్ బేస్‌లన్నిటిదీ ఇదే గతా అని. అందుకే ఎబర్‌హార్డ్ వేబర్ సంగతి చెప్పాలి. జర్మనీలో ష్టుట్‌గార్ట్ మనిషి, 1940లో పుట్టాడు. తనకోసం చేయించుకున్న ఎలక్ట్రిక్ నిలువు బేస్, దానికి పైస్థాయిలో అయిదో తీగ. అది పాడుతుంది, ఏడుస్తుంది, బేబీలా తన్నదు. 1973లో రికార్డయిన ‘ద కలర్స్ ఆఫ్ క్లోయీ’ మొదలు ఈసీఎం కంపెనీలో ఆయన రికార్డులు వరసగా ఉన్నాయి. ఇంగ్లండ్ గాయని కేట్ బుష్ ‘హౌండ్స్ ఆఫ్ లవ్’లో ఉన్నాడు, నార్వే సాక్సోఫోన్ విద్వాంసుడు యాన్ గర్బారెక్ పక్కన ఏళ్ల తరబడి వాయించాడు. 2007లో పక్షవాతం వచ్చి వాయించడం ఆగిపోయింది. అప్పుడాయన గర్బారెక్ కచేరీల్లో తను ఒంటరిగా వాయించిన ముక్కలన్నీ టేపుల్లోంచి ఏరి, వాటి చుట్టూ కొత్త సంగీతం అల్లి, 2012లో ‘రెజ్యూమే’ అని తెచ్చాడు. టేపులు దాచినవాళ్లుండబట్టి వాయించలేని మనిషి కొత్త ఆల్బమ్ చేయగలిగాడు. ఆయన అట్టల మీద కూడా ఉత్త ‘బేస్’ అనే రాసి ఉంటుంది. కానీ ఆ చప్పుడు ప్రపంచంలో ఒక్కడిదే, మూడు సెకన్లలో పోల్చేస్తాం. బేబీ అలా కాదు, వీధి మొత్తానిది. ఒక్కడిది అయితే పేరు రాయకపోయినా బతుకుతుంది, పదిమందిదయితే రాయకపోతే పోతుంది.

(వేబర్ వైపు వెళ్లేవాళ్లు 1975 నాటి ‘ఎల్లో ఫీల్డ్స్’ తప్పక వినండి. అందులో చార్లీ మరియానో అనే అమెరికా సాక్సోఫోన్ విద్వాంసుడు మన నాదస్వరం ఊదాడు. ఎలక్ట్రిక్ నిలువు బేస్ మీద నాదస్వరం, అదీ జర్మనీలో. మన చినమౌలానా సాహెబ్ నాదస్వరం విన్న చెవికి అది కొంచెం తడబాటుగానే ఉంటుంది, అయినా బావుంటుంది. ఆ అట్ట మీద ‘నాగస్వరం’ అని పేరు రాశారు, చూశారా! రాయాలనుకుంటే రాయగలరు.)

ఇక కొనే మోజు గురించి. నాకూ పట్టింది, దాచుకోను. 1965 నాటి ఒరిజినల్ బేబీ అమ్ముతున్నామని ప్రకటన చూసి పెన్సిల్వేనియాలో మూడు గంటలు డ్రైవ్ చేసుకుంటూ వెళ్లాను. ఒళ్లు నిజంగానే పాతది, ఎర్రరంగు, ముద్దొచ్చేలా ఉంది. బ్రిడ్జ్ కింద చూస్తే పలకా లేదు, అయస్కాంతమూ లేదు, చవక పీజో పికప్ ముక్క ఒకటి అతికించి ఉంది. అడిగితే అమ్మేవాడు "సౌండ్ అంతా అదే" అన్నాడు. తీగ మీటితే కీచుమంది. గోడకి తగిలించుకోవడానికి కొనేవాళ్ల కోసం అమ్మే వస్తువది. లోపలి గుండె తీసేసి ఒళ్లుని బేబీ అనడం ఈ వ్యాపారంలో మామూలైపోయింది. దానికంటే 1990ల్లో కాలిఫోర్నియాలో స్టీవ్ అజోలా కొత్తగా చేసిన బేబీలు వెయ్యి రెట్లు నయం, ఒళ్లు కొత్తదైనా వాయించడానికి చేసినవి. అవి వచ్చాక మన డిటెక్టివ్ పని ఇంకో మెట్టు కష్టమైంది, 1990ల తర్వాత రికార్డులో వినపడేది ఆంపెగ్‌దో అజోలాదో చెవితో తేల్చడం నావల్ల కాలేదు.

ఇన్ని పాట్లు పడి ఒక నోట్‌బుక్ తయారుచేశాను. రెండు వరసలు, ఒకటి ‘ఖాయం’, ఒకటి ‘అనుమానం’. ఖాయంలో పదకొండు రికార్డులు, అనుమానంలో అరవై పైచిలుకు. కొంచెం గర్వంగానే ఉంది. డిసెంబర్లో ఆ పెర్త్ అంబాయ్ పెద్దాయన దగ్గరికి పట్టుకెళ్లాను. అప్పటికి తెలిసింది, ఆయన ఊరికే విన్న మనిషి కాదు, 1970ల్లో న్యూజెర్సీ నెవార్క్‌లో, బ్రాంక్స్‌లో డాన్సు హాళ్లలో పదేళ్లు బేస్ వాయించినవాడు, తర్వాత గోదాములో ఫోర్క్‌లిఫ్ట్ నడిపి రిటైరయ్యాడు. పార్టీలో ఆ సంగతి ఎందుకు చెప్పలేదంటే, నేను అడగలేదట.

ఖాయంలో ఏడో నంబరు ఒక చిన్న కంపెనీ ఎల్పీ, మూడు వందల కాపీలైనా వేశారో లేదో. నాకు అందులో బేస్ అంటే ప్రాణం, బేబీ అంటే ఎలా ఉండాలో వినిపించాలంటే దాన్నే వేసేవాణ్ణి. అదే వేశాను. ఆయన కళ్లు మూసుకుని పాట సగం దాకా విన్నాడు.

"ఇది బేబీ కాదు, మిహో," అన్నాడు. మిహో అంటే నాయనా అని.

"ఎలా కాదు? మెట్ల గీర లేదు, మోత సాగట్లేదు..."

"ఫెండర్ బేస్ గిటార్. బ్రిడ్జ్ దగ్గర తీగల కింద స్పాంజి ముక్క దూర్చాను. వంటింట్లో గిన్నెలు తోముకునేది, కోసి."

దూర్చాను, అన్నాడు. నేను అట్ట తిప్పి చూశాను. పియానో ఉంది, బాకాలున్నాయి, కాంగా ఉంది. బాహో అనే మాటే లేదు. అంతకుముందు ఆ అట్ట వెనక వైపు పదిసార్లు చూసి ఉంటాను, ఖాళీని మాత్రం చూడలేదు.

కోపం రాలేదు కానీ నా చెవి మీద నాకున్న నమ్మకం ఆ స్పాంజి ముక్కతో పాటు పోయింది. ఇంతసేపూ చెవితో వెతకండి అని చెప్పినవాణ్ణి కదా, అది సగం దారే అని ఒప్పుకోవాలి. మిగతా సగం వాయించినవాళ్ల నోట్లో ఉంది, వాళ్లకి డెబ్బై దాటాయి, ఎనభై దాటాయి. ఏ మ్యూజియం వాళ్లో, ఏ యూనివర్సిటీ వాళ్లో వచ్చి రాస్తారని కూర్చుంటే అయ్యే పని కాదు. నాకు తోచిందల్లా ఒకటే. నా ఎల్పీలు పెట్టెలో వేసుకుని నెలకో ఆదివారం ఆయన దగ్గరికి పోతున్నాను. ఒక్కోటి వింటాడు. తను వాయించింది, తన స్నేహితులు వాయించింది, ఆ రాత్రి స్టూడియోలో ఏ బేస్ ఉందో గుర్తున్నది, అట్ట వెనకే రాయమన్నాను. గుర్తులేకపోతే గుర్తులేదని రాయమన్నాను. అట్ట మీద రాతలుంటే రికార్డు విలువ పడిపోతుందని కలెక్టర్ మిత్రుడొకడు నన్ను తిట్టాడు. పడనీ.

ఈ సంగతి ఫోన్లో చెబితే పెదనాన్న కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "మన దేవుడి పాటల క్యాసెట్ అటక మీద ఉందేమో చూడమని మీ అన్నయ్యకి చెప్తాను," అన్నాడు.

ఇప్పటికి పద్నాలుగు అట్టలయ్యాయి. ఏడో నంబరుని ‘ఖాయం’లోంచి కొట్టేసి, నోట్‌బుక్‌లో ‘ఫెండర్, స్పాంజి’ అని మూడో వరస ఒకటి గీశాను, అందులో అదొక్కటే ఉంది. పోయినసారి పెద్దాయన పెన్ను విసిరికొట్టాడు, నిగనిగలాడే ఆ పాత అట్టల మీద బాల్‌పెన్ను సాగట్లేదట, ఈసారి నల్ల మార్కర్ తెమ్మన్నాడు. రెండు కొన్నాను.